డయల్ స్క్వేర్ నుంచి హైబరీ దాకా: ఆర్సెనల్ వూల్విచ్ రోజులు (1886–1913)

సన్‌డయల్86 · #1

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ గురించి తెలుగులో ఏ చర్చ చూసినా మేనేజర్ చాప్‌మన్‌తో మొదలై మేనేజర్ వెంగర్ దగ్గర ఆగుతుంది. దానికి ముందు 27 ఏళ్లు ఈ క్లబ్ థేమ్స్‌కి దక్షిణాన, బురద నేలల్లో, అద్దె మైదానాల్లో బతికింది. ఈ చర్చ ఆ కాలానికే. ఉత్తర లండన్‌లోని హైబరీ మైదానంలో మొదటి మ్యాచ్ దాకా మాట్లాడుకుందాం, ఆపైన వద్దు.

ముందుగా చోటు సంగతి. వూల్విచ్‌లోని రాయల్ ఆర్సెనల్ బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధాల కర్మాగారం. ఫిరంగులు, గుండ్లు అక్కడే తయారయ్యేవి. 1889 దాకా వూల్విచ్ కెంట్ కౌంటీ కింద లెక్క. ఆ కర్మాగారంలో ఒక వర్క్‌షాప్ పేరు డయల్ స్క్వేర్. దాని ద్వారం మీద ఉన్న సన్‌డయల్, అంటే నీడ గడియారం, వల్ల ఆ పేరొచ్చింది. 1886 చివర్లో అక్కడి పనివాళ్లు కొందరు జట్టు కట్టారు. ముందుండి నడిపింది డేవిడ్ డాన్‌స్కిన్, స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతం వాడు. పక్కన జాక్ హంబుల్, ఎలైజా వాట్కిన్స్, ఫ్రెడ్ బియర్డ్‌స్లీ, మోరిస్ బేట్స్. వాట్కిన్స్ మొదటి కార్యదర్శి, డాన్‌స్కిన్ మొదటి కెప్టెన్.

మొదటి మ్యాచ్ 1886 డిసెంబర్ 11, శనివారం. నదికి అవతల ఐల్ ఆఫ్ డాగ్స్‌లో ఈస్టర్న్ వాండరర్స్ మీద 6–0తో గెలిచారు. ఆ మైదానానికి ఫలానా ఆకారం అంటూ లేదని వాట్కిన్స్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. చుట్టూ మూడింట రెండు వంతులు ఇళ్ల పెరళ్లు, మిగతా వైపు తెరిచిన మురుగు కాలువ. రెండు వారాల తర్వాత క్రిస్మస్ రోజు వూల్విచ్‌లోని రాయల్ ఓక్ పబ్‌లో కూర్చుని పేరును రాయల్ ఆర్సెనల్‌గా మార్చారు. ఆ పేరుతో మొదటి ఆట 1887 జనవరి 8న ఎరిత్ జట్టుతో, 6–1 గెలుపు.

తప్పులుంటే సరిదిద్దండి, తెలిసినవి జోడించండి.

---

లెక్కల రాజు · #2

బంతి కొన్న లెక్క ఇక్కడ ఉండాలి. ఈ క్లబ్ స్వభావం అందులోనే ఉంది.

అప్పటి నాణేలు తెలియనివాళ్ల కోసం: 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌను. 15 మంది తలా 6 పెన్నీలు వేసుకున్నారు. అది 90 పెన్నీలు, అంటే 7 షిల్లింగుల 6 పెన్నీలు. చాలలేదు. డాన్‌స్కిన్ ఇంకో 3 షిల్లింగులు వేశాడు. మొత్తం 10 షిల్లింగుల 6 పెన్నీలు, సరిగ్గా అర గినీ. దాంతో బంతి వచ్చింది. డబ్బులు అయిపోయాయి. చొక్కాలకు పైసా మిగల్లేదు.

చొక్కాలు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఇచ్చింది. బియర్డ్‌స్లీ, బేట్స్ ఇద్దరూ అంతకుముందు ఫారెస్ట్‌కి ఆడినవాళ్లే. బియర్డ్‌స్లీ పాత క్లబ్‌కి ఉత్తరం రాస్తే ముదురు ఎరుపు చొక్కాల సెట్టు, దాంతోపాటు ఒక బంతి పంపారు. ఆర్సెనల్ ఎరుపు ఎవరో కూర్చుని ఎంచుకున్న రంగు కాదు, దానంగా వచ్చిన బట్టల రంగు. తెల్ల చేతులు 1933లో వచ్చి చేరాయి. అందాకా ఒంటి నిండా ఎరుపే.

---

తోలుబంతి · #3

రాజు గారూ, అర గినీ పెట్టి కొన్న ఆ బంతి ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. ఈనాటి బంతిని ఊహించుకుంటే ఆ ఆట అర్థం కాదు.

బయట కుట్టిన తోలు ముక్కలు, లోపల రబ్బరు బ్లాడర్. చుట్టుకొలత 27 నుంచి 28 అంగుళాలు ఉండాలని 1883లో నిబంధన పెట్టారు. తోలులో ఒక చీలిక వదిలి, అందులోంచి బ్లాడర్ దూర్చి, గాలి కొట్టి, దాని మెడను దారంతో బిగించి మడిచి లోపలికి తోసేవారు. ఆ పైన చీలికను బూటు లేసు కట్టినట్టు తోలు తాడుతో అల్లేవారు. పొరపాట్లన్నీ ఈ చివరి పనిలోనే వచ్చేవి. మెడ సరిగ్గా మడవకపోతే లేసు కింద బుడిపె లేస్తుంది, బంతి గుండ్రంగా దొర్లదు, గాల్లో వంకరపోతుంది. లేసు వదులైతే బ్లాడర్ బయటికి ఉబ్బి రాయి తగలగానే పగులుతుంది. మరీ బిగిస్తే కుట్టు చిరుగుతుంది.

వానలో కష్టం రెట్టింపు. తోలు నీళ్లు పీల్చుకుంటుంది, ఆట సాగేకొద్దీ బంతి బరువెక్కుతుంది. కొవ్వు పట్టించి ఆరబెడితే కొంత తట్టుకునేది గానీ ప్లమ్‌స్టెడ్ బురదలో అదీ గంట సేపే. అలాంటి బంతిని లేసు వైపు నుంచి నుదుటితో కొడితే చర్మం లేచిపోయేది. మోరిస్ బేట్స్‌ని ఇనప తలవాడు అని పిలిచింది ఇందుకే, ఆ బరువు బంతిని వెనకాడకుండా తలతో కొట్టేవాడు కాబట్టి.

1886లో ఆట కూడా వేరు. గోల్‌కి వల లేదు, పెనాల్టీ లేదు. రెండూ 1891లోనే వచ్చాయి. ఒక్కో జట్టు తరఫున ఒక్కో అంపైర్, వాళ్లిద్దరికీ కుదరకపోతే రెఫరీ. క్రికెట్‌లో లాగే ఆటగాళ్లు అప్పీల్ చేయాలి. వల లేకపోవడం వల్ల బంతి గుంజ లోపలి నుంచి పోయిందా బయటి నుంచా అని ప్రతి ఆటలో వాదనే.

---

గోదారి గన్నర్ · #4

మైదానాల వరస నేను రాస్తాను. ఎక్కువగా కలగాపులగం అయ్యేది ఇదే.

మొదట ప్లమ్‌స్టెడ్ కామన్, 1886–87. ఊరుమ్మడి నేల, అద్దె లేదు. కానీ సైన్యం తన గుర్రపు ఫిరంగి దళాలను అక్కడే తిప్పేది. నేలంతా చక్రాల గాళ్లు, గిట్టల గుంటలు, పైగా రాళ్లు. ఉమ్మడి నేల కాబట్టి కంచె కట్టలేరు, కంచె లేనిచోట టికెట్ పెట్టలేరు. ఎంతమంది చూసినా పైసా రాదు.

తర్వాత స్పోర్ట్స్‌మన్ గ్రౌండ్, 1887–88. ప్లమ్‌స్టెడ్ చిత్తడి నేలల అంచున అంతకుముందు పందుల పెంపకం నడిచిన చోటు. ఇక్కడ కంచె ఉంది, గేటు డబ్బు ఉంది. కానీ పల్లపు నేల, నీళ్లు నిలుస్తాయి. 1888 ఫిబ్రవరిలో మిల్వాల్ రోవర్స్‌తో ఆట ఉండగా మైదానం నీళ్లలో మునిగి ఉంది. జాక్ హంబుల్ చుట్టుపక్కల చూసి పక్కనే ఉన్న మానర్ ఫీల్డ్ అడిగి పుచ్చుకున్నాడు. ఆ నేలే తర్వాత మానర్ గ్రౌండ్ అయింది. స్టాండు లేదు కాబట్టి సైన్యం బండ్లు తెచ్చి వరసగా నిలబెట్టి, వాటి మీద జనాన్ని ఎక్కించేవారు. ఇది నిజంగా తెలివైన పని. కట్టడం ఖర్చు లేదు, ఆట అయ్యాక బండ్లు తిరిగి వెళ్లిపోతాయి.

1890లో ఇన్విక్టా గ్రౌండ్. ఇది అసలైన మైదానం. స్టాండు, నిలబడి చూసేందుకు మెట్లు అన్నీ ఉన్నాయి. యజమాని జార్జ్ వీవర్, మినరల్ వాటర్ కంపెనీ ఆయనది. 1893లో మళ్లీ మానర్ గ్రౌండ్, ఈసారి 1913 దాకా.

మానర్ గ్రౌండ్ పక్కనే లండన్ దక్షిణ భాగపు పెద్ద మురుగు గొట్టం కట్ట మీదుగా పోతుంది. టికెట్ కొనని వాళ్లు ఆ గొట్టం కట్ట ఎక్కి చూసేవాళ్లు. అటు దుర్వాసన, ఇటు రాని గేటు డబ్బు, ఈ రెండూ క్లబ్‌ని చివరిదాకా వదల్లేదు.

---

కొత్త అభిమాని · #5

చాలా మంచి సమాచారం అన్నా. ఒక సందేహం. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులాగా ఇది కూడా డిపార్ట్‌మెంట్ జట్టేనా? కర్మాగారం యాజమాన్యం డబ్బు పెట్టిందా?

---

సన్‌డయల్86 · #6

లేదు తమ్ముడూ, ఆ తేడాయే ముఖ్యం. హైదరాబాద్ సిటీ పోలీస్ పోలీసు శాఖ సొంత జట్టు. శాఖలో ఉద్యోగం, ఆట రెండూ ఒకే గొడుగు కింద. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించింది ఆ ఏర్పాటుతోనే. వూల్విచ్‌లో కర్మాగారం జట్టును పెట్టలేదు, పోషించనూ లేదు. పనివాళ్లు చందా వేసుకుని పెట్టుకున్న క్లబ్ అది.

అయితే ఉద్యోగం అనే ఎర మాత్రం వాడుకున్నారు. మంచి ఆటగాడు కనపడితే కర్మాగారంలో పని ఇప్పిస్తామని రప్పించేవారు. డాన్‌స్కిన్‌తో పాటు కర్కాల్డీ వాండరర్స్‌లో ఆడిన పీటర్ కానలీ, జాక్ మక్బీన్ వూల్విచ్‌కి వచ్చి ఈ జట్టులో ఆడారు. తొలి జట్టులో స్కాట్లండ్ వాళ్లు అంతమంది కనిపించడానికి కారణం ఇదే. ఆయుధాల కర్మాగారానికి నైపుణ్యం ఉన్న లోహపు పనివాళ్లు కావాలి, వాళ్లు స్కాట్లండ్ నుంచీ ఉత్తర ఇంగ్లండ్ నుంచీ వచ్చేవాళ్లు. ఫుట్‌బాల్ బాగా తెలిసిన నేలలూ అవే. హంబుల్ అయితే డరమ్ ప్రాంతం నుంచి అన్నదమ్ములిద్దరూ కాలినడకన లండన్ చేరినవాళ్లు.

---

న్యూటన్ హీత్ 1878 · #7

పోలిక కోసం ఇంకో రెండు క్లబ్‌లు చెబుతాను. మాంచెస్టర్ యునైటెడ్ మొదటి రూపం న్యూటన్ హీత్, 1878. లంకాషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే బోగీలు, వ్యాగన్ల విభాగం వాళ్ల జట్టు. అక్కడ మొదట్లో మైదానం అద్దె రైల్వే కంపెనీయే కట్టింది. వెస్ట్ హామ్ మొదటి రూపం థేమ్స్ ఐరన్‌వర్క్స్, 1895. ఓడల కార్ఖానా యజమాని ఆర్నల్డ్ హిల్స్ స్వయంగా అండగా ఉన్నాడు. రెండు చోట్లా పైన ఒక పెద్ద చెయ్యి ఉంది. న్యూటన్ హీత్‌కి ఆ చెయ్యి తప్పుకున్నాక 1902లో 2,670 పౌన్ల అప్పుతో మూతపడే దాకా వచ్చింది.

వూల్విచ్ వాళ్లకు ఆ చెయ్యి మొదటి నుంచీ లేదు. అందుకే వాళ్ల ప్రతి నిర్ణయంలో డబ్బు ఎక్కడి నుంచి అనే ప్రశ్న కనపడుతుంది.

---

మిడ్‌ఫీల్డ్ మల్లేశం · #8

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. డబ్బు లేనివాళ్లు 1891లో ప్రొఫెషనల్ ఎందుకయ్యారు? 1890లో కెంట్ సీనియర్ కప్, లండన్ చారిటీ కప్, 1891లో లండన్ సీనియర్ కప్ గెలిచి ఆ ప్రాంతంలో అందరికంటే పైన ఉన్నారు. జీతాలిస్తామనగానే లండన్ ఫుట్‌బాల్ సంఘం వెలివేసింది. కప్పులు పోయాయి, స్థానిక పోటీలు పోయాయి. మిగిలినవి ఇంగ్లండ్ జాతీయ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్, స్నేహపూర్వక మ్యాచ్‌లు. పోటీ లేని ఆటకు జనం ఎన్నాళ్లు వస్తారు? రెండేళ్లు ఆగి, దక్షిణాన లీగ్ ఏర్పడ్డాక చేసి ఉండాల్సింది.

---

గోదారి గన్నర్ · #9

మల్లేశం గారూ, ఆగే వీలు లేదు. 1891 జనవరిలో ఎఫ్ఏ కప్ మ్యాచ్‌కి డెర్బీ కౌంటీ అనే క్లబ్ ఇన్విక్టాకి వచ్చింది, 2–1తో గెలిచింది. ఆ వెంటనే కానలీ, బాబీ బ్యూయిస్ట్ ఇద్దరికీ డబ్బు ఇస్తామని డెర్బీ కబురు పెట్టింది. రాయల్ ఆర్సెనల్ అమెచ్యూర్ క్లబ్, అంటే జీతాలివ్వనిది, ఆటగాళ్లతో ఒప్పందం లేదు. వాళ్లు వెళ్తామంటే ఆపే హక్కు లేదు, బదులు అడిగే హక్కూ లేదు. ఉత్తరాది క్లబ్‌లు 1885 నుంచే చట్టబద్ధంగా జీతాలిస్తున్నాయి. ఎఫ్ఏ కప్‌లో వాళ్లతో ఆడిన ప్రతిసారీ వూల్విచ్ జట్టు వాళ్ల కళ్ల ముందు పరిచిన అంగడి అవుతుంది. మరుసటి ఏడాదికి జట్టే ఉండేది కాదు.

ప్రతిపాదన తెచ్చింది జాక్ హంబుల్. సభ్యులు ఒప్పుకున్నారు. వెలి తప్పదని తెలిసే చేశారు.

దక్షిణ లీగ్ కోసం ప్రయత్నం మానలేదు కూడా. 1892లో దక్షిణాది క్లబ్‌లను పోగుచేసి లండన్‌లో సమావేశం పెట్టారు. లండన్ సంఘం అడ్డుపడింది, పన్నెండు క్లబ్‌ల లీగ్ కాగితం మీదే ఆగింది. సదరన్ లీగ్ నిజంగా మొదలయ్యేసరికి 1894. అప్పటికి వీళ్లు ఫుట్‌బాల్ లీగ్‌లో చేరిపోయారు.

---

మిడ్‌ఫీల్డ్ మల్లేశం · #10

డెర్బీ సంగతి ఒప్పుకుంటున్నాను. ఒప్పందం లేకపోతే ఆటగాడిని నిలుపుకునే దారే లేదన్న మాట నా వాదనలో లేదు. కానీ అదే నిర్ణయం వల్ల జీతాల భారం వచ్చింది, జీతాల వల్ల గేటు డబ్బు మీద పూర్తిగా ఆధారపడాల్సి వచ్చింది. గేటు డబ్బు పెరగడం వీవర్ కళ్లపడింది. ఇన్విక్టా అద్దె గొడవ నేరుగా దీని కొనసాగింపే.

---

లెక్కల రాజు · #11

అవును, అక్కడికే వస్తున్నా. 1893లో వీవర్ ఏడాదికి 200 పౌన్ల అద్దెను 350 చేస్తానన్నాడు. ఒక్కసారిగా 75 శాతం పెంపు. క్లబ్ రెండు దారులు చూసింది. అద్దెకు తలొంచడం ఒకటి, సొంత నేల కొనడం రెండోది. రెండోదే ఎంచుకుంది. కొనాలంటే డబ్బు కావాలి, డబ్బు కోసం షేర్లు అమ్మాలి, షేర్లు అమ్మాలంటే లిమిటెడ్ కంపెనీ అవ్వాలి. కంపెనీ పేరులో రాయల్ అని పెట్టుకునే వీలు లేదు. వూల్విచ్ ఆర్సెనల్ అనే పేరు అలా వచ్చింది. చాలామంది అనుకున్నట్టు అది ఊరి మీద ప్రేమతో పెట్టిన పేరు కాదు.

షేర్ల లెక్క చూడండి. ఒక్కోటి ఒక పౌను చొప్పున 4,000 షేర్లు అమ్మకానికి పెట్టారు. 860 మంది కలిసి 1,552 కొన్నారు. అంటే పెట్టినవాటిలో 39 శాతం లోపే అమ్ముడయ్యాయి. మనిషికి సగటున రెండు షేర్లు కూడా లేవు. కొన్నవాళ్లలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పనివాళ్లే.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. ఒక కోణంలో ఇది అద్భుతం. 1886లో ఆరు పెన్నీలు వేసిన చెయ్యే ఏడేళ్ల తర్వాత పౌను వేసింది. ఇంకో కోణంలో ప్రమాదం. మూలధనం సగం కూడా నిండని కంపెనీ మొదటి రోజు నుంచే గేటు డబ్బుతో ఊపిరి పీల్చాలి. ఈ రెండో కోణం 1910లో నిజమైంది.

డైరెక్టర్లలో ఎక్కువమంది ఆర్సెనల్ ఇంజనీర్లే. క్లబ్‌ని ఇన్నాళ్లూ శ్రమజీవులే నడిపారు, ఇకపైనా వాళ్లే నడపాలన్నది హంబుల్ పట్టు.

---

కోప్ మెట్లు · #12

1893లో చీలిక వచ్చిన సంగతి కూడా చేర్చండి. కంపెనీ, లీగ్ వద్దనుకున్నవాళ్లు విడిపోయి రాయల్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీస్ అనే క్లబ్ పెట్టారు. ఖాళీ అయిన ఇన్విక్టా మైదానంలో వాళ్లే దిగారు. అదే కర్మాగారం, అదే జనం, నడిచి వెళ్లే దూరంలో రెండు మైదానాలు. 1894లో సదరన్ లీగ్‌లో కూడా చేరారు. 1896లో మూతపడింది. వూల్విచ్‌లో రెండు క్లబ్‌లకు సరిపడా గేటు డబ్బు లేదన్నది అప్పుడే తేలిపోయింది. వీవర్ చివరికి ఆ మైదానాన్ని ఇళ్ల స్థలాలకు ఇచ్చేశాడు.

మానర్ గ్రౌండ్‌ని ఆ వేసవిలో ఆటకు సిద్ధం చేసింది కూడా కూలీలు మాత్రమే కాదు. అభిమానులే పని గంటల తర్వాత వచ్చి చేతులు కలిపారు.

---

సన్‌డయల్86 · #13

లీగ్‌లో చోటు ఎలా వచ్చిందో చెబుతాను. 1893లో ఫుట్‌బాల్ లీగ్ రెండో డివిజన్‌ని 12 నుంచి పెంచింది, ఆ సీజన్ 15 క్లబ్‌లతో నడిచింది. కొత్తగా వచ్చినవాటిలో లివర్‌పూల్, న్యూకాజిల్ యునైటెడ్, మిడిల్స్‌బ్రో ఐరనోపొలిస్, రోథర్‌హామ్ టౌన్, వూల్విచ్ ఆర్సెనల్ ఉన్నాయి. దక్షిణాది నుంచి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చిన మొదటి క్లబ్ ఇదే.

మొదటి లీగ్ మ్యాచ్ 1893 సెప్టెంబర్ 2న, మానర్ గ్రౌండ్‌లో, న్యూకాజిల్‌తో. వాళ్లకూ అదే మొదటి లీగ్ మ్యాచ్. వాల్టర్ షా, ఆర్థర్ ఇలియట్ గోల్స్‌తో 2–0 ముందుకెళ్లి, చివరికి 2–2. ఆ సీజన్‌లో తొమ్మిదో స్థానం.

ప్రయాణాల సంగతే అసలు భారం. 15 క్లబ్‌లంటే 28 మ్యాచ్‌లు, అందులో 14 బయట. ఆ 14లో ఒక్కటి కూడా దక్షిణాన లేదు. అన్నీ మిడ్‌లాండ్స్, ఉత్తరాదే. ఉత్తరాది క్లబ్ ఏడాదికి ఒక్కసారి దూర ప్రయాణం చేస్తే సరి, వూల్విచ్‌కి మాత్రం ప్రతి బయటి మ్యాచ్ దూర ప్రయాణమే. రైలు టికెట్లు, బస, పని మానుకునే ఆటగాళ్ల కూలి, అన్నీ క్లబ్ నెత్తిన. 1897లో లూటన్ వచ్చేదాకా దక్షిణాన లీగ్ తోడు దొరకలేదు.

దూరం వల్ల ఆట చెడిన రోజు ఇంకా ముందే ఉంది. 1887 నవంబర్ 19న టోటెన్‌హామ్ మార్షెస్‌లో స్పర్స్‌తో, అంటే టోటెన్‌హామ్ క్లబ్‌తో, మొదటి మ్యాచ్. వీళ్లు ఆలస్యంగా చేరారు. ఆట చీకటి పడి 15 నిమిషాల ముందే ఆపేశారు. అప్పటికి స్పర్స్ 2–1 ముందుంది. ఉత్తర లండన్ వైరం అని ఈనాడు పిలిచేదానికి మొదటి పేజీ ఇదే, అప్పటికి ఆర్సెనల్ ఉత్తర లండన్‌లో లేకపోయినా.

---

తోలుబంతి · #14

1895, 1896 ఏళ్లు కూడా దాటవేయకూడదు.

1895 ఆరంభంలో బర్టన్ వాండరర్స్‌తో మ్యాచ్ తర్వాత ప్రేక్షకులు రెఫరీ మీద చెయ్యి చేసుకున్నారు. మానర్ గ్రౌండ్‌ని కొన్ని వారాలు మూయించారు. సొంత మ్యాచ్‌లను న్యూ బ్రాంప్టన్‌లో, లేటన్‌లో ఆడాల్సి వచ్చింది. గేటు డబ్బు మీద బతికే క్లబ్‌కి అది ఎంత దెబ్బో రాజు గారి లెక్కలు చూస్తే తెలుస్తుంది.

1896 నవంబర్ 23న కెటరింగ్ మీద మ్యాచ్‌లో రైట్ బ్యాక్ జో పవెల్ పడిపోయి చెయ్యి విరిగింది. గాయానికి ధనుర్వాతం, రక్తంలో విషం తగులుకున్నాయి. చెయ్యి తీసేసినా ప్రాణం దక్కలేదు, 29న పోయాడు. వయసు 26. ధనుర్వాతానికి మందు అందరికీ అందుబాటులోకి రాని కాలం. గుర్రాలు, పశువులు తిరిగే నేల మట్టిలో ఆ సూక్ష్మజీవి ఉంటుంది. తోలు బంతి, మేకుల బూట్లు, బురద నేల, ఎముక బయటికొచ్చిన గాయం అన్నీ కలిస్తే జరిగేది అదే. ఆ తర్వాత పదమూడు రోజులకే, డిసెంబర్ 12న, లఫ్‌బరో చేతిలో 8–0 ఓటమి. లీగ్‌లో క్లబ్‌కి అంతకంటే పెద్ద ఓటమి ఈ రోజుకీ లేదు. ఆ స్కోరు ఎత్తి మాట్లాడేవాళ్లు పవెల్ పేరు కూడా చెప్పాలి.

---

కోప్ మెట్లు · #15

నా పేరుకు కారణమైన సంగతి నేనే రాయాలి.

1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైన్యం చేసిన బోయర్ యుద్ధం. కర్మాగారానికి ఆర్డర్లు ముంచెత్తాయి, శనివారం మధ్యాహ్నాలు కూడా పని. మ్యాచ్ శనివారం మధ్యాహ్నమే. చూడాల్సిన జనం గేటు లోపల ఫిరంగులు చేస్తున్నారు. ఊరిలో జీతాలు పెరిగాయి, క్లబ్ పెట్టె ఖాళీ అయింది. ఒకే యజమాని మీద ఆధారపడ్డ ఊరి క్లబ్‌కి ఉండే బలహీనత ఇది. కర్మాగారం మందగిస్తే జనం చేతిలో డబ్బుండదు, జోరందుకుంటే జనానికి తీరికుండదు.

మేనేజర్ హ్యారీ బ్రాడ్‌షా కాలంలో, 1902లో, విలువిద్య పోటీల పేరుతో నిధులు సేకరించారు. 1,200 పౌన్లకు పైగా వచ్చింది. షేర్ల అమ్మకంతో వచ్చిన 1,552 పక్కన పెట్టి చూడండి, ఎంత పెద్ద మొత్తమో. ఆ డబ్బుతో జట్టు కట్టారు. 1903–04లో సొంత మైదానంలో 17 మ్యాచ్‌లు, 15 గెలుపులు, 2 డ్రాలు, ఓటమి లేదు. కొట్టిన గోల్స్ 67, ఇచ్చినవి 5. రెండో స్థానంతో మొదటి డివిజన్‌కి ఎక్కారు.

ఆ ఏడాదే మానర్ గ్రౌండ్‌లో ఒక చివర పెద్ద మట్టి కట్ట పోసి మెట్లు వేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఫిరంగి సైనికులు దాన్ని చూసి స్పియన్ కోప్ అన్నారు, 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలో వందల మంది బ్రిటిష్ సైనికులు చచ్చిపోయిన కొండ పేరు. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లోని కోప్ 1906 నాటిది. అంటే ఆ పేరు ఫుట్‌బాల్ మెట్లకు ముందు తగిలింది ప్లమ్‌స్టెడ్‌లో.

---

లెక్కల రాజు · #16

1904 తర్వాత ఆట బాగుంది, 1906, 1907లో వరసగా ఎఫ్ఏ కప్ సెమీఫైనల్స్. జిమ్మీ యాష్‌క్రాఫ్ట్ 1906లో ఇంగ్లండ్‌కి ఆడాడు, క్లబ్ నుంచి మొదటివాడు. కానీ 1905లో చెల్సీ, క్లాప్టన్ ఓరియెంట్, 1908లో టోటెన్‌హామ్ లీగ్‌లోకి వచ్చాయి. దాంతో లండన్ ప్రేక్షకుడికి దగ్గరలో వేరే మొదటి తరగతి ఆట దొరికింది. అందాకా నగరం నడిబొడ్డు నుంచి నిదానపు రైలెక్కి ప్లమ్‌స్టెడ్ దాకా రావడానికి ఒక కారణం ఉండేది, అది పోయింది.

1910లో కంపెనీ దివాలా. అందాకా సొంత డబ్బుతో నిలబెట్టిన ఛైర్మన్ జార్జ్ లీవీ, బట్టల వ్యాపారి, ఇక మోయలేకపోయాడు. ఫులామ్ క్లబ్ వైపు నుంచి హెన్రీ నోరిస్, విలియం హాల్ వచ్చి తీసుకున్నారు. రెండు క్లబ్‌లు కలిపేద్దామన్నారు, లీగ్ ఒప్పుకోలేదు. 1912–13లో 38 మ్యాచ్‌ల్లో 3 గెలుపులు, 26 గోల్స్, 18 పాయింట్లు. సొంత మైదానంలో గెలిచింది ఒక్కటే. రెండో డివిజన్‌కి దిగిపోయారు.

నోరిస్‌ని వూల్విచ్ పాత అభిమానులు ఈనాటికీ క్షమించరు. నా అభిప్రాయం వేరు. 860 మంది సగటున రెండు పౌన్ల లోపు వేసి నిలబెట్టిన కంపెనీ 17 ఏళ్లు నడవడమే గొప్ప. అది ఆగింది నోరిస్ వల్ల కాదు, ప్లమ్‌స్టెడ్ చోటు వల్ల.

---

మిడ్‌ఫీల్డ్ మల్లేశం · #17

చోటు వల్ల అన్నది నిజం. కానీ ఊరి జనం వేసిన డబ్బుతో పుట్టినదాన్ని నది దాటించి పన్నెండు మైళ్ల అవతల పెట్టేముందు వాళ్లని అడగలేదు. ఆ బాధ సబబే అని కూడా రాయాలి రాజు గారూ.

---

లెక్కల రాజు · #18

రాస్తున్నాను. సబబే.

---

గోదారి గన్నర్ · #19

హైబరీ లీజు వివరాలు పెట్టి నా వంతు ముగిస్తాను. స్థలం సెయింట్ జాన్స్ కాలేజ్ ఆఫ్ డివినిటీది, క్రైస్తవ మత విద్యాలయం. 21 ఏళ్లకు 20,000 పౌన్లు. షరతు ఏమిటంటే క్రిస్మస్ రోజు, గుడ్ ఫ్రైడే రోజు ఆట ఆడకూడదు. పక్కనే గిలెస్పీ రోడ్ ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్. మానర్ గ్రౌండ్‌కి లేనిదల్లా ఇక్కడ ఉంది.

1913 సెప్టెంబర్ 6న లెస్టర్ ఫాస్‌తో మొదటి మ్యాచ్, 2–1 గెలుపు. స్టాండు పని పూర్తి కాలేదు. హైబరీలో ఆర్సెనల్ మొదటి గోల్ కొట్టిన జార్జ్ జోబీకి దెబ్బ తగిలితే, తీసుకెళ్లడానికి ఏమీ లేక పాలవాడి బండి మీద పంపారు. 1914లో పేరులోంచి వూల్విచ్ తీసేశారు. 1925లో 64,000 పౌన్లకు ఆ నేల కొనేశాక పండగ రోజుల షరతు కూడా పోయింది.

---

కొత్త అభిమాని · #20

లండన్‌లో ఉన్న మనవాళ్లు ఇవి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఒక్క రోజులో అయ్యే పనేనా?

---

సన్‌డయల్86 · #21

ఒక మధ్యాహ్నం చాలు. ఎలిజబెత్ లైన్ రైలెక్కి వూల్విచ్ స్టేషన్‌లో దిగితే పాత కర్మాగారం ఆవరణలోనే బయటికి వస్తారు. డయల్ స్క్వేర్ ద్వారం, దాని మీది నీడ గడియారం ఇంకా ఉన్నాయి. చుట్టూ ఇప్పుడు ఫ్లాట్లు. అక్కడి నుంచి ప్లమ్‌స్టెడ్ కామన్ ఎత్తు మీద ఉంటుంది, నడవలేకపోతే బస్సు ఎక్కండి. మొదటి మైదానాల్లో ఈనాటికీ పచ్చగా, ఉమ్మడి నేలగా మిగిలింది అదొక్కటే.

తర్వాత ప్లమ్‌స్టెడ్ స్టేషన్ వైపు దిగండి. మానర్ గ్రౌండ్ ఉన్నచోట ఇప్పుడు గోదాములు, పారిశ్రామిక షెడ్లు. చూడ్డానికి ఏమీ లేదు. కానీ మురుగు గొట్టం కట్ట అలాగే ఉంది, దాని మీద రిడ్జ్‌వే అనే నడక బాట వేశారు. టికెట్ కొనని జనం నిలబడింది ఆ కట్ట మీదే. వాన పడ్డ మర్నాడు వెళ్లకండి, జారుతుంది. చీకటి పడకముందే దిగిపోండి.

ఇన్విక్టా చోట హెక్టర్ స్ట్రీట్ ఇళ్లున్నాయి. మెట్ల కాంక్రీటు ముక్కలు చాలా ఏళ్లు ఆ పెరళ్లలో మిగిలి ఉండేవి. అవి జనం కాపురం ఉండే ఇళ్లు కాబట్టి తలుపులు కొట్టకండి. వీధిలోంచి చూసి వచ్చేయండి.